విల్ఫ్ తాత పావురాలు బందీలు కావు

ఆదివారం మధ్యాహ్నం రోవెనా తలుపు తట్టేసరికి, ఆమె తాత విల్ఫ్ లైడ్లర్ గడియ తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, మనవరాలిని ఎగాదిగా చూశాడు.

"ఏం గవర్నమెంటు గారూ, బందీల్ని లెక్కపెట్టుకుపోదామని వచ్చారా?" అన్నాడు.

చిన్నప్పటినుంచీ 'ఒసే పిల్లా' తప్ప ఇంకో పిలుపు ఎరగని తాత ఇవాళ 'గారూ' అన్నాడంటే ఏదో పెద్ద కొంపే మునిగి ఉండాలి. లోపల పొయ్యిలో మాంసం వేగుతున్న వాసన వస్తోంది. కాబట్టి భోజనానికైతే ఢోకా లేదు, తిట్లు మాత్రం తప్పవు అని లెక్క వేసుకుని, రోవెనా ఆయన చంక కిందనుంచి దూరి లోపలికి వెళ్ళింది.

బల్ల మీద గ్రేవీ గిన్నె కింద ఒక కాగితం ఉంది. లైబ్రరీలో అచ్చు తీయించిన ప్రభుత్వ వెబ్ పేజీ. దాన్ని చూడగానే విషయం సగం అర్థమైంది.

"ఇది నువ్వే కదూ రాసింది?" విల్ఫ్ కళ్ళజోడు పెట్టుకుని, పావురాల క్లబ్బు మీటింగులో చదివినట్టు గొంతు సవరించుకుని చదివాడు. "'మీ బందీ పక్షులను ఈ నెలాఖరులోగా నమోదు చేసుకోండి.' బందీలట! నా పావురాలు!"

"తాతా, అది చట్టంలో ఉన్న మాట..."

"ఆ వీధి చివర టెడ్ జోబ్లింగ్ క్లబ్బులో అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? 'విల్ఫ్, మీ పిల్ల మన పావురాలకి శిక్ష కూడా వేసేసిందా, లేక విచారణ ఇంకా నడుస్తోందా?' అన్నాడు. వాడికి నేనేం సమాధానం చెప్పాలి?"

రోవెనాకి నవ్వాగలేదు. అది పొరపాటు. విల్ఫ్ మాంసంలోకి నంజుకునే యార్క్‌షైర్ పుడ్డింగుల పళ్ళెం ఆమెకి అందకుండా తన వైపుకి జరుపుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ చలికాలం తీరం వెంబడి బర్డ్ ఫ్లూ గట్టిగా పాకింది. దాంతో ఇంట్లో పక్షుల్ని పెంచేవాళ్ళంతా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలని నిబంధన వచ్చింది. సభ్యులందరూ నమోదు కాని క్లబ్బుకి ఆ ఏడాది పావురాల పందేలకి అనుమతి లేదు. విల్ఫ్ ఉండే స్టోబ్లీ ఊరి క్లబ్బులో అందరూ ఒకప్పుడు గనిలో బొగ్గు తవ్వినవాళ్ళే. గని మూతపడింది, పబ్బు మూతపడింది, ప్రార్థన మందిరాన్ని ఎవరో కొని తివాచీల కొట్టు పెట్టారు. మిగిలింది పావురాలే. నమోదు చేసుకోమంటే వాళ్ళంతా ఒక్క మాట మీద నిలబడ్డారు: బందీలంటే సంతకం పెట్టం.

"పొద్దున్నే వదుల్తాను," అన్నాడు విల్ఫ్. "ఆకాశమంతా వాటిదే. స్కాట్లండ్ పోతాయో, సముద్రం దాటి నార్వే పోతాయో, నేనేమన్నా కాలికి తాడు కట్టానా? తిరిగొస్తాయి. ఎందుకొస్తాయి? రావాలని ఉండి వస్తాయి. దాన్ని బందీ అంటారటే?"

"అనరు. కానీ నమోదు చేసుకోకపోతే పందెం పోతుంది తాతా. ఈ ఏడాది పోతే మరి..."

ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. పావురాల ఈకల దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి విల్ఫ్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. బొగ్గు చెయ్యలేని పని పావురాలు చేశాయని డాక్టరు తల పట్టుకున్నాడు. ఈ వేసవితో సరి, ఆ తరువాత పావురాల షెడ్డు వైపు వెళ్ళకూడదని గట్టిగా చెప్పాడు. సెప్టెంబరులో పక్షులన్నిటినీ జోబ్లింగ్‌కి ఇచ్చేయాలి. అంతకుముందు విల్ఫ్‌కి ఒకే ఒక్క కోరిక ఉంది. గ్లాడిస్ అనే నీలం రంగు ఆడ పావురాన్ని ఈస్ట్‌బోర్న్ నుంచి ఎగరేయాలి. ఆ ఊరు దేశానికి ఆ కొసన ఉంది, స్టోబ్లీ ఈ కొసన ఉంది. అక్కడ వదిలిన వాటిలో ముందు ఇల్లు చేరిన పావురానిదే గెలుపు. జూన్‌లో జరిగే ఆ పందెం గురించి ఆయన నిద్రలో కూడా కలవరిస్తాడు.

"పోతే పోతుంది," అన్నాడు విల్ఫ్, గ్రేవీ వంచుకుంటూ.

"ఒక్క మాటే కదా తాతా!"

విల్ఫ్ చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఒక్క మాటే కదా అని నువ్వంటున్నావా? మాటలు రాసుకుని బతికేదానివి, నువ్వు?"

రోవెనా తలొంచుకుని మాంసం కోసుకుంది. పుడ్డింగు మాత్రం ఆ పూట దొరకలేదు.

రోవెనా ఉద్యోగం పేరు కంటెంట్ డిజైనర్. ఈ పేరు విన్నవాళ్ళలో సగంమంది ఆమె బొమ్మలు గీస్తుందనుకుంటారు, మిగతా సగం అచ్చుతప్పులు దిద్దుతుందనుకుంటారు. నిజానికి సర్కారు నోట్లోంచి వచ్చేదాన్ని మనిషి చెవికెక్కేలా చెయ్యడం ఆమె పని. 'దరఖాస్తుదారుడు సమర్పించవలసియుండును' అని పైనుంచి వస్తే, 'మీరు పంపాలి' అని వెబ్‌సైట్‌లో రాస్తుంది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆ 'యుండును' ఊడబీకడానికి ఎన్ని మీటింగులు పడతాయో పడ్డవాళ్ళకే తెలుసు.

పక్షుల పేజీ మీద ఆమెకి ఎదురు నిలిచిన మనిషి క్రిస్పిన్ ఓల్డ్రాయిడ్. శాఖ తరఫు లాయరు. లండన్ నుంచి వారానికోసారి రైలెక్కి న్యూకాసిల్ ఆఫీసుకి వస్తాడు, తన టీ పొట్లాలు తనే తెచ్చుకుంటాడు. మంచివాడే. పేజీలో చట్టం భాష ఎక్కడ కనబడినా రోవెనా పీకేసింది, ఆయన పీకనిచ్చాడు. ఒక్క 'బందీ' దగ్గర మాత్రం కొయ్యలా నిలబడ్డాడు. అన్నీ గెలిచాను కదా, ఇదొక్కటి పోనీలే అని రోవెనా వదిలేసింది. అప్పుడు ఆమెకి తాత గుర్తురాలేదు. పావురాల పత్రికలో అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న పిల్ల, పావురాల వాళ్ళనే మరిచిపోయింది. సోమవారం పొద్దున్న బస్సులో కూర్చుని తనని తాను తిట్టుకుంటూ ఆఫీసుకి వచ్చింది.

వచ్చేసరికి ఫోలా కాచుకుని ఉంది. ఫోలా పని జనంతో మాట్లాడి, పేజీలు వాళ్ళకి అర్థమవుతున్నాయో లేదో కనిపెట్టడం. ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి రోవెనా తలకి తగిలించింది.

"ఒసే రో, ఇది విను. హెల్ప్‌లైన్‌కి వచ్చిన ఫోన్లు."

మొదటి గొంతు ఒక పెద్దాయనది. "నా పక్షులు ఏం నేరం చేశాయో చెబితే ఫోన్ పెట్టేస్తానమ్మా," అంటున్నాడు. తరువాత ఒకావిడ: "మా డోరిస్ బందీ కాదండీ, అది సోఫా మీద పడుకుని టీవీ చూస్తుంది. నేనే కింద కూర్చుంటాను." డోరిస్ కోడి అని అర్థం కావడానికి రోవెనాకి కాస్త టైం పట్టింది.

"ఉత్తరాన పావురాల ఊళ్ళన్నీ ఖాళీ," అంది ఫోలా, మ్యాపు చూపించి. "ఒక్కడు నమోదు చేసుకుంటే ఒట్టు. మీ తాత ఒక్కడే కాదు, అందరూ ఒంటికాలి మీద లేచి ఉన్నారు."

ఇద్దరూ కలిసి క్రిస్పిన్ మీదకి దండెత్తారు. ఆయన టీ కప్పులోంచి పొట్లం తీస్తూ ఓపిగ్గా విన్నాడు.

"బందీ అంటే కాళ్ళూ చేతులూ కట్టి పడేసిందని కాదు, రోవెనా. మనిషి అధీనంలో ఉన్నదని."

"ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. మా తాతకి తెలీదు."

"మీ తాతగారి కోసం చట్టం మార్చలేం కదండీ."

"చట్టం అలాగే ఉంచండి. పేజీ మారుద్దాం."

క్రిస్పిన్ కప్పు బల్ల మీద పెట్టాడు. "సరే, వేరే మాట తీసుకురండి. అడవి పక్షి ఒక్కటీ ఆ మాట లోపలికి రాకూడదు, పెంచే పక్షి ఒక్కటీ దాని బయటికి పోకూడదు. అలాంటి మాట తెస్తే నేనే సంతకం పెడతాను."

రోవెనా రెండు రోజులు గోడనిండా కాగితాలు అంటించింది. జట్టులో వాళ్ళంతా చుట్టూ నిలబడి ఒక్కో మాటనీ చీల్చి చెండాడారు. ఈ పద్ధతి చూడ్డానికి క్రూరంగా ఉంటుంది గానీ, బిస్కెట్లు తింటూ చేస్తారు కాబట్టి ఎవరూ ఏడవరు. 'పెంపుడు' అంటే పిల్లుల వాళ్ళు వస్తారు. 'మీ సొంత పక్షులు' అంటే అరువు తెచ్చుకున్నవాళ్ళు తప్పించుకుంటారు. చివరికి రోవెనాకి ఒక వాక్యం తట్టింది: 'మీరు కూడు పెట్టి, గూడు ఇచ్చే పక్షులు మీకున్నాయా?'

ఎంత బాగుందో! ఆమెకే ముచ్చటేసింది. ఫోలా చప్పట్లు కొట్టింది. క్రిస్పిన్ మాత్రం పెదవి విరిచి, ముందు కొద్దిమందికే చూపించి పరీక్షించమన్నాడు. బుధవారం సాయంత్రం ఆ పేజీ, సైట్‌కి వచ్చే పదిమందిలో ఒకరికి కనబడేలా, పైకెక్కింది.

గురువారం పొద్దున పుట్టి మునిగింది.

ఈ దేశంలో ప్రతి ముసలమ్మ పెరట్లోనూ పిట్టలకి గింజలు వేసే బల్ల ఒకటి, చెట్టుకి కొట్టిన చెక్కగూడు ఒకటి ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన రోవెనాకి ఈ ముక్క తట్టకపోవడమే విడ్డూరం. పైగా ఈ ముసలమ్మలంత బుద్ధిమంతులు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు. ప్రభుత్వం అడిగిందంటే పక్కింటివాళ్ళ తరఫున కూడా చెప్పే రకం. రాత్రికి రాత్రి వరదలా వచ్చి పడ్డారు.

ఫోలా వచ్చిన నమోదులు పైకి చదవడం మొదలుపెట్టింది. "'రాబిన్ పిట్ట, ఒకటి. పేరు గ్యారెత్. పొద్దున పూట మాత్రమే వస్తాడు.' ఇంకోటి విను. 'నీలి పిట్టలు. ఎన్నో తెలీదు, కదలకుండా నిలబడవు.' 'హంస, ఒకటి. కోపిష్టి. మొన్న మా ఆయన్ని తరిమింది, నమోదు చేస్తే మారుతుందా?'"

"ఆపవే తల్లీ," అంది రోవెనా, బల్ల మీద తల వాల్చి.

"ఇదొక్కటి. ఇది సముద్రం పక్క ఊరినుంచి. 'సీగల్‌కి నేను తిండి పెట్టను. అదే నా చేతిలో చిప్స్ లాక్కుని తింటుంది. ఇది కూడు పెట్టడం కిందకి వస్తుందా?'"

వెనకనుంచి ఎవరో దగ్గుతున్నట్టు చప్పుడైంది. తీరా చూస్తే క్రిస్పిన్. నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆయన నవ్వడం ఆఫీసులో ఎవరూ అంతవరకూ చూడలేదు. "మన్నించండి," అన్నాడు చివరికి. "గ్యారెత్‌ని చట్టం కింద ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను."

మధ్యాహ్నానికల్లా పేజీ దింపేసి, పాత 'బందీ'నే మళ్ళీ ఎక్కించారు. గడువు ఇంకో వారమే ఉంది. రోవెనా ఆ సాయంత్రం టీ కూడా తాగకుండా కిటికీ దగ్గర కూర్చుంది. పేజీ పాడైనందుకు కాదు ఆమె దిగులు. తన చేత్తో రాసిన మాట వల్ల తాత ఆఖరి వేసవి పోతోంది. ఆయన మొండితనం ఆయనదే, కాదనలేం. కానీ ఆయన్ని అంత మొండిగా నిలబెట్టిన మాట మాత్రం తనది. ఆమెకి ఏడుపొచ్చింది.

ఫోలా వచ్చి పక్కన కూర్చుంది. "ఇలా గోడకి కాగితాలు అంటించుకుంటూ కూర్చుంటే రాదే. పద, మీ తాత దగ్గరికే పోదాం. ఆ లాయర్ని కూడా లాక్కుపోదాం."

విల్ఫ్‌కి ఫోన్ చేస్తే, "లాయర్ని తెస్తున్నావా? రానీ. పావురాల తరఫున నేను వాదిస్తాను," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ముగ్గురూ స్టోబ్లీ చేరారు. క్రిస్పిన్ నిమ్మకాయ కేకు ఒకటి చేత్తో పట్టుకుని, పెరటి గోడ పక్కన బురదలో జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు. విల్ఫ్ ముఖానికి గుడ్డ కట్టుకుని షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పావురాలు ఇళ్ళ కప్పుల మీద గుంపుగా తిరుగుతున్నాయి.

"అవిగో సార్, మీ బందీలు," అన్నాడు విల్ఫ్, ఆకాశంలోకి చెయ్యి చూపించి. "పట్టుకోండి."

క్రిస్పిన్ తల పైకెత్తి చాలాసేపు చూశాడు. "ఎప్పుడైనా ఒకటి తిరిగి రాకపోతే మీరేం చేస్తారు, మిస్టర్ లైడ్లర్?"

"ఏం చేస్తాను? కూర్చుంటాను."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

క్రిస్పిన్ కేకు కోసి అందరికీ పంచాడు. విల్ఫ్ గుడ్డ కిందికి లాగి ఒక ముక్క తిని, "కేకు బాగుంది, కేసు మాత్రం ఓడిపోతారు," అన్నాడు. ఫోలా పగలబడి నవ్వింది.

పొద్దు వాలింది. విల్ఫ్ లేచి డబ్బాలో బఠాణీ గింజలు గలగలలాడించాడు. ఆ చప్పుడుకి గుంపు ఒక్కసారి వంగి, ఒకదాని వెనక ఒకటి షెడ్డులోకి దూరిపోయింది. అన్నిటికంటే ఆఖరున గ్లాడిస్, గుమ్మంలో ఆగి, వచ్చినవాళ్ళని పరీక్షగా చూసి మరీ లోపలికి వెళ్ళింది. విల్ఫ్ తలుపు వేసి గడియ పెట్టాడు.

"అదిగో!" క్రిస్పిన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తలుపు వేశారు! చూశారా? చట్టంలో బందీ అంటే సరిగ్గా ఇదే."

"ఏంటయ్యా అదే?" విల్ఫ్ ఇంతెత్తున లేచాడు. "నేను తలుపు వేసింది అవి పోతాయనా? జోబ్లింగ్ పిల్లి వస్తుందని! అదొక దొంగ మొహంది, మొన్న కూడా ఇక్కడే మాటు వేసి కూర్చుంది. తలుపు పిల్లికండీ, పావురాలకి కాదు!"

"ఎవరి కోసమైతేనేం, వేసింది మీరు."

"వేశాను! రోజూ వేస్తాను! వెయ్యకుండా నిద్రపోయిన రాత్రి ఒక్కటీ లేదు!"

"అదే నేనంటున్నది!"

"నేననేదీ అదే!"

ఇద్దరూ ఎర్రబడిన మొహాలతో ఒకరినొకరు చూసుకుంటున్నారు. మధ్యలో కేకు ముక్కతో నిలబడిపోయిన రోవెనా మాత్రం నవ్వుతోంది. ఇంత పోట్లాటలో ఇద్దరూ ఒప్పుకున్న విషయం ఒకటుందని ఆమెకి అర్థమైంది.

"తాతా, ఆ కంచె మీదకి రాబిన్ వస్తుంది కదా. దానికి రాత్రి తలుపు వేస్తావా?"

"రాబిన్‌కి తలుపేంటే? మతి గానీ పోయిందా?"

"జోబ్లింగ్ వాళ్ళావిడ కోళ్ళకి?"

"వెయ్యకపోతే నక్క ఊరుకుంటుందా?"

"క్రిస్పిన్, రాత్రి ఎవరు తలుపు వేస్తారో పక్షి వాళ్ళ అధీనంలో ఉన్నట్టేనా, చట్టం ప్రకారం?"

క్రిస్పిన్ షెడ్డు తలుపు వైపు చూశాడు. "ఉన్నట్టే," అన్నాడు నెమ్మదిగా. "నూటికి నూరుపాళ్ళూ ఉన్నట్టే."

ఫోలా అప్పటికే ఫోన్ తీసి, గ్యారెత్‌ని నమోదు చేసిన ముసలమ్మకి కలిపింది. రాత్రి గ్యారెత్‌కి తలుపు వేస్తారా అని అడిగితే, అవతలనుంచి ఆవిడ, "అయ్యో, వాడు ఒప్పుకుంటాడా అమ్మా!" అంది. సోఫా కోడి డోరిస్ ఆవిడ మాత్రం, "వేస్తాను. వంటింటి తలుపు. లేకపోతే పొద్దున్నే నా మంచమెక్కుతుంది," అంది.

సోమవారం ఆఫీసులో మళ్ళీ గోడ దగ్గర చేరారు. రోవెనా రాసుకొచ్చిన వాక్యం ఇది: 'రాత్రిపూట మీరు తలుపు వేసి కాపాడే పక్షులు మీకున్నాయా?'

"'కాపాడే' తీసెయ్యండి," అన్నాడు క్రిస్పిన్.

"అదే కదండీ దాని అందమంతా!"

"అందమే. కానీ కాపాడకుండా తలుపు మాత్రమే వేసేవాళ్ళుంటారు. వాళ్ళు 'ఇది మాకు కాదు' అని తప్పుకుంటారు. అందరికంటే ముందు నమోదు కావలసింది వాళ్ళే."

రోవెనాకి ఉక్రోషం వచ్చింది. తరువాత ఆలోచిస్తే ఆయన చెప్పింది సబబే అనిపించింది. కలం తీసి తనే కొట్టేసింది. చెట్టెక్కి పడుకునే నెమళ్ళ సంగతేమిటని క్రిస్పిన్ అడిగితే, వాటి కోసం కింద విడిగా ఒక లైను వేసింది. మధ్యాహ్నం ఆయన సంతకం పెట్టాడు. సాయంత్రానికి దేశమంతా కొత్త పేజీ కనిపించింది.

ఆ రాత్రే ఆమె స్టోబ్లీ వెళ్ళింది. ఏమీ చెప్పకుండా ట్యాబ్ తాత చేతిలో పెట్టి, టీకి నీళ్ళు పెట్టి, అటు తిరిగి నిలబడింది. విల్ఫ్ పెదాలు కదుపుతూ చదివాడు. చదివి మళ్ళీ మొదటికొచ్చాడు.

"బందీ ఎక్కడికి పోయింది?"

"చట్టంలోనే ఉంది తాతా. పేజీలో లేదు."

"లాయరు ఊరుకున్నాడా?"

"సంతకం పెట్టింది ఆయనే."

విల్ఫ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మంత్రుల ముందు పేజీలు చదివినప్పుడు కూడా రోవెనాకి ఇంత భయం వెయ్యలేదు. చివరికి ఆయన చూపుడు వేలు చాపి, 'ఉన్నాయి' అన్న చోట నొక్కాడు. 'ఎన్ని?' అని ఇంకో ప్రశ్న వచ్చింది. విల్ఫ్ ముఖానికి గుడ్డ కట్టుకుని, టార్చి తీసుకుని పెరటి వైపు నడిచాడు.

"ఎక్కడికి తాతా? నీ పావురాలు ఎన్నో నీకు తెలీదా?"

"తెలీకేం? కానీ మర్యాదగా అడిగారు కదా. చూసి చెబుదాం."

తిరిగొచ్చి, అంకె వేసి, పంపి, చేతులు దులుపుకున్నాడు. "ఒసే పిల్లా, ఆ టీ ఇటు తే," అన్నాడు. రోవెనా గబగబా కళ్ళు తుడుచుకుని కప్పు అందించింది.

మర్నాడు క్లబ్బులో జోబ్లింగ్, "ఏం విల్ఫ్, మనవాళ్ళందరికీ శిక్ష రద్దయిందట కదా!" అని కేక పెట్టాడట. అందరూ వరసగా కూర్చుని, ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగిచూసుకుంటూ నమోదు చేసుకున్నారు. గడువు దాటకుండానే స్టోబ్లీ క్లబ్బుకి అనుమతి వచ్చింది.

జూన్‌లో ఒక శనివారం, తెల్లవారగానే ఈస్ట్‌బోర్న్‌లో పావురాల్ని వదిలారు. స్టోబ్లీలో విల్ఫ్ పెరట్లో కుర్చీలు వేసుకుని నలుగురూ కూర్చున్నారు. క్రిస్పిన్ సెలవు పెట్టి మరీ వచ్చాడు. తనకేమీ పట్టనట్టు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, రెండు లైన్లకోసారి ఆకాశం వైపు చూస్తున్నాడు.

మధ్యాహ్నం దాటాక జోబ్లింగ్ పావురం వచ్చేసింది. వీధి చివరనుంచి వాడి కేక ఇక్కడిదాకా వినబడింది. తరువాత ఇంకెవరివో వచ్చాయి. గ్లాడిస్ జాడ లేదు.

"ఎదురుగాలి," అన్నాడు విల్ఫ్.

"దారి తప్పిందేమో?" అన్నాడు క్రిస్పిన్. ఆయన చేతిలో పేపరు ఎప్పుడో జారిపోయింది. "డేగలుంటాయా ఆ దారిలో? దప్పికేస్తే ఎక్కడ తాగుతుంది?"

"ఈస్ట్‌బోర్న్ మంచి ఊరు సార్," అన్నాడు విల్ఫ్. "ఎండ, సముద్రం. రిటైరైనవాళ్ళంతా అక్కడే ఇళ్ళు కొనుక్కుంటారు. మా గ్లాడిస్ కూడా అక్కడే ఒక ఫ్లాటు చూసుకుందేమో."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన గొంతు ఆ మాటలకి తగ్గట్టు లేదు. శాండ్‌విచ్‌లు ఎండిపోయాయి. ఫోలా వెళ్ళి మళ్ళీ టీ పెట్టుకొచ్చింది. పందెం ఎప్పుడో అయిపోయింది. గెలుపు ఓటముల సంగతి అక్కడ ఎవరికీ పట్టడం లేదు. విల్ఫ్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. రోవెనా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇదే ఆఖరు అని ఇద్దరికీ తెలుసు. ఆ పావురం రాకపోతే ఈయన ఎలా ఉంటాడో అని ఆమెకి దిగులు.

పొద్దు పడమటికి వాలాక, క్రిస్పిన్ ఒక్కసారిగా లేచి, "అదిగో! అదిగో! గ్లాడిస్!" అని అరిచాడు. ఆ అరుపుకి వీధిలో కుక్కలన్నీ మొరిగాయి.

గ్లాడిస్ ఆర్భాటమేమీ లేకుండా వచ్చి షెడ్డు కప్పు మీద వాలింది. తోక ఈక ఒకటి లేదు. రెక్కలు సర్దుకుని, అటూ ఇటూ చూసి, గుమ్మంలోకి దిగి, తనంతట తానే లోపలికి నడిచింది. ఫోలా క్రిస్పిన్‌ని కావలించుకుంది. విల్ఫ్ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ఆయన తుడుచుకోను కూడా లేదు.

షెడ్డుకి దగ్గరగా ఉన్నది క్రిస్పినే. తలుపు మీద చెయ్యి వేసి, "వెయ్యమంటారా, మిస్టర్ లైడ్లర్?" అని అడిగాడు.

"ఉండండి సార్. ఇంకా వెలుతురుంది. పోవాలనుకుంటే పోనివ్వండి."

నలుగురూ చూస్తూ నిలబడ్డారు. తలుపు బార్లా తెరిచే ఉంది. గ్లాడిస్ నీళ్ళు తాగింది, నాలుగు బఠాణీలు తింది. ఒకసారి తలెత్తి బయటి ఆకాశాన్ని చూసింది. ఆ తరువాత తన అరలోకి ఎక్కి, వాళ్ళకి వీపు తిప్పి, కళ్ళు మూసుకుంది.

"ఊఁ," అన్నాడు విల్ఫ్. "ఇక వేసెయ్ పిల్లా."

రోవెనా తలుపు వేసింది.